ఆపరేషన్ తర్వాత గొంతు రాని రోజుల్లో: ఒక పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న రాత్రి నువ్వు పంపిన మెసేజ్ చూశాను. "ఆపరేషన్ బాగానే అయింది పెద్దమ్మా, కానీ గొంతు రావడం లేదు. గాలి తప్ప మాట బయటికి రావట్లేదు. ఇలాగే ఉండిపోతుందా?" అని రాశావు. చదవగానే ఫోన్ చేయబోయి ఆగిపోయాను. ఫోన్ మోగితే నువ్వు ఎత్తుతావు, ఎత్తితే మాట్లాడాలని చూస్తావు. ఇప్పుడు నువ్వు చేయకూడని పని అదే. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది. పడుకుని తీరిగ్గా చదువుకో.

ముందు నువ్వు అడిగినదానికి జవాబు. ఇలాగే ఉండిపోవడం చాలా అరుదు. నీకు జరిగింది పిత్తాశయం ఆపరేషన్. కోత పడింది పొట్ట మీద. గొంతు జోలికి వెళ్లింది మత్తు డాక్టరు ఒక్కరే. పూర్తి మత్తులో ఉన్నప్పుడు మనంతట మనం ఊపిరి తీసుకోలేం కాబట్టి నోట్లోంచి ఒక మెత్తని ప్లాస్టిక్ గొట్టాన్ని శ్వాసనాళంలోకి దించుతారు. అది వెళ్లే దారి సరిగ్గా రెండు స్వరతంత్రుల మధ్య నుంచే. లోపలికి వెళ్లాక పక్కల నుంచి గాలి పోకుండా, కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారకుండా, గొట్టం చివర ఉన్న చిన్న బుడగను ఉబ్బిస్తారు. ఆ బుడగ ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానంగా ఉండేలా చూస్తారు. అంతకు మించితే శ్వాసనాళం లోపలి పొరకు రక్తం సరిగా అందదు.

ఇప్పుడు ఆలోచించు. స్వరతంత్రులు రెండు సన్నని మెత్తని మడతలు. నువ్వు మామూలుగా మాట్లాడేటప్పుడు అవి సెకనుకు సుమారు 200 సార్లు ఒకదానికొకటి తగిలి విడిపోతుంటాయి. మగవాళ్లలో అయితే 100 పైచిలుకు. అంత సున్నితమైన చోట గంటా రెండు గంటలు గొట్టం ఆనుకుని ఉంటే వాచిపోవా? వాచిన మడతలు బరువెక్కుతాయి, సరిగా కలవవు, సరిగా కంపించవు. బొంగురు అందుకే, గాలి మాట అందుకే. దానికి తోడు ఆపరేషన్‌కు ముందు గంటల తరబడి ఏమీ తాగలేదు. మత్తులో పీల్చిన గాలి పొడిగాలి. నోట్లో నీరు ఊరకుండా ఇచ్చే మందులూ ఉంటాయి. ఇన్నీ కలిసి గొంతు గరుకు కాగితంలా అయిపోతుంది. గొట్టం దించడం ఒకసారిలో కుదరక రెండు మూడుసార్లు ప్రయత్నించినా, ఆపరేషన్ ఎక్కువసేపు పట్టినా, గొట్టం తీసేటప్పుడు గట్టిగా దగ్గినా ఇంకాస్త ఎక్కువ ఉంటుంది.

నొప్పి సాధారణంగా మొదటి రోజే ఎక్కువ. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. బొంగురు ఇంకొంచెం వెనకబడి వారం దాకా ఉండొచ్చు. నీది ఇంకా రెండో రోజే. టెన్షన్ పడకు.

ఇంత ధైర్యంగా చెప్తున్నానని నాకేం తెలుసులే అనుకోకు. నీకు అప్పటికి పదేళ్లు కూడా లేవు, గుర్తుండదు. నాకు థైరాయిడ్‌లో ఎడమ సగం తీసేశారు. లేచాక నా గొంతు నాది కాదు. తరగతి గదిలో చివరి బెంచీ దాకా వినపడే గొంతు, పక్కన కూర్చున్న మీ పెదనాన్నకు కూడా వినపడలేదు. అది తిరిగి వచ్చేసరికి ఎనిమిది నెలలు పట్టింది. నాది నీ లాంటిది కాదు, నరం సంగతి. దాని గురించి తర్వాత చెప్తాను. కానీ ఆ ఎనిమిది నెలల్లో నేను చేసిన తప్పులు, నేర్చుకున్న పనులు నీకు పనికొస్తాయి. నేను చెప్పేది మొత్తం కలిపితే ఇంతే: గొంతుకు విశ్రాంతి ఇవ్వు, కానీ ఆ విశ్రాంతికి గడువు పెట్టుకో. మొదటిది నేను చేయలేదు. రెండోదీ చేయలేదు.

మొదటి తప్పు గుసగుస. గొంతు రావడం లేదు కదా, గుసగుసగా మాట్లాడితే గొంతుకు శ్రమ ఉండదు అనుకున్నాను. అందరూ అలాగే అనుకుంటారు. నిజానికి అవతలివాళ్లకు వినపడాలని గాలిని బలంగా తోసి గుసగుసలాడితే స్వరపేటిక చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. నాకు సాయంత్రానికి మెడ పట్టేసేది. మాట్లాడక తప్పనప్పుడు పక్కనే ఉన్న మనిషితో, మెల్లగా, నీకు సహజంగా వచ్చే గొంతుతో రెండు మూడు మాటలు చెప్పు. అది బొంగురుగా ఉన్నా ఫరవాలేదు. అలా కూడా రాకపోతే రాసి చూపించు. గుసగుస మాత్రం వద్దు.

రెండో తప్పు గొంతు సవరించుకోవడం. ఇది మానడం అన్నిటికంటే కష్టం బుజ్జీ. లోపల ఏదో అడ్డం పడినట్టు, కఫం అంటుకున్నట్టు ఉంటుంది. ఒక్కసారి "ఖ్మ్" అంటే పోతుందనిపిస్తుంది. అంటావు, క్షణం హాయిగా ఉంటుంది, మళ్లీ వస్తుంది. అక్కడ చాలాసార్లు కఫమే ఉండదు. వాచిన పొరే మనకు అడ్డంలా తెలుస్తుంది. సవరించుకున్న ప్రతిసారీ ఆ రెండు మడతలూ ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకుంటాయి. వాపు పెరుగుతుంది, అడ్డం ఇంకా ఎక్కువనిపిస్తుంది, మళ్లీ సవరిస్తావు. దానికి అంతుండదు. నేను రోజుకు ఎన్నిసార్లు చేస్తున్నానో మీ పెదనాన్న ఒకరోజు కాగితం మీద గీతలు పెట్టి చూపించేదాకా నాకు తెలియలేదు. ఆ కాగితం నిండిపోయింది.

దాని బదులు ఏం చేయాలో నాకు స్పీచ్ థెరపిస్టు నేర్పింది. దురద పుట్టగానే ఒక గుక్క నీళ్లు తాగు. నీళ్లు దగ్గర లేకపోతే గట్టిగా ఒక గుటక మింగు. అప్పటికీ పోకపోతే శబ్దం లేకుండా, అద్దం మీద ఆవిరి ఊదినట్టు "హా" అని గాలి వదిలి, వెంటనే మళ్లీ గుటక వెయ్యి. ఒక నిమిషం ఓపిక పడితే దురద దానంతటదే తగ్గుతుంది. మూడు రోజులు పట్టుబట్టి చేస్తే అలవాటైపోతుంది. నిజంగా కఫం వచ్చి దగ్గక తప్పకపోతే మాత్రం ఆపుకోకు, ఊపిరితిత్తులు శుభ్రపడాలి కదా. నీకు పొట్ట మీద కుట్లున్నాయి కాబట్టి దిండును కడుపుకు గట్టిగా అదుముకుని దగ్గు. నొప్పి చాలావరకు తగ్గుతుంది.

నీళ్ల సంగతి. మనం తాగే నీళ్లు స్వరతంత్రుల మీద నుంచి పోవు. పోతే పొలమారుతుంది. అవి వెళ్లేది అన్నవాహికలోకి. అయినా నీళ్లు ఎందుకు తాగమంటారంటే, ఒంట్లో తడి ఉంటేనే ఆ మడతల మీద ఉండాల్సిన పల్చని జిగురు పొర పల్చగా ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గితే అదే చిక్కబడి అంటుకుంటుంది. అందుకే ఒక్కసారి చెంబెడు తాగడం కాదు, పక్కన సీసా పెట్టుకుని రోజంతా గుక్క గుక్కగా తాగాలి. మూత్రం లేత రంగులో వస్తుంటే సరిపోతున్నట్టు. గుండెకో కిడ్నీకో సమస్య ఉండి డాక్టరు నీళ్లు తగ్గించమన్న వాళ్లకు ఈ మాట వర్తించదనుకో. నీకు అలాంటిదేమీ లేదు.

స్వరతంత్రులకు నేరుగా తగిలే తడి మనం పీల్చే గాలిలోదే. కాబట్టి ఆవిరి పట్టు. ఉత్త నీళ్ల ఆవిరి చాలు, అందులో ఘాటైన మందులేవీ కలపకు. ఘాటు ముక్కుకు హాయిగా ఉంటుంది కానీ మంటగా ఉన్న గొంతుకు అది కూడా ఒక రాపిడే. సలసల మరిగే గిన్నె మీదికి వంగొద్దు, ఒళ్లు కాల్చుకునేవాళ్లు చాలామంది అలాగే కాల్చుకుంటారు. ఇప్పుడు నువ్వు నీరసంగా కూడా ఉన్నావు. పొయ్యి మీద నుంచి దించి కాసేపు ఆగాక, గిన్నెను బల్ల మీద నిలకడగా పెట్టుకుని, ఐదు పది నిమిషాలు నెమ్మదిగా పీలిస్తే చాలు. రోజుకు రెండుసార్లు. అంతకంటే సులువు, తడి గుడ్డ పిండి ముక్కుకూ నోటికీ అడ్డంగా పెట్టుకుని ఊపిరి తీసుకోవడం. ఏసీ గదిలో పడుకుంటే గాలి సూటిగా ముఖం మీద పడకుండా చూసుకో. నోరు తెరిచి పడుకునే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. తెల్లారేసరికి గొంతు ఎండిపోవడానికి సగం కారణం అదే అయ్యుంటుంది.

ఉప్పునీళ్లు పుక్కిలించమని అందరూ చెప్తారు, నేనూ చెప్తాను. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు. అది స్వరతంత్రుల దాకా చేరదు, గొంతు వెనక గోడకే తగులుతుంది. అక్కడి మంట తగ్గితే మింగడం సులువవుతుంది, అంతవరకే. పుక్కిలించేటప్పుడు పెద్దగా గరగర శబ్దం చేయకు. ఇక చప్పరించే బిళ్లలు. చల్లగా ఘాటుగా ఉండేవి కొందరికి గొంతును ఇంకా ఆరబెడతాయి. మామూలు తీపి బిళ్ల నోట్లో ఉంచుకున్నా నీరు ఊరుతుంది, ఆ నీరే మందు.

తినేది మెత్తగా, మరీ వేడి కాకుండా ఉండనీ. మొదటి మూడు రోజులు కరకరలాడేవి, కారం, పులుపు పక్కన పెట్టు. చల్లటిది తినొచ్చా అని అడుగుతావేమో. నొప్పిగా ఉన్న గొంతుకు చల్లదనం హాయిగా ఉంటే తిను. చల్లటిది తింటే గొంతు పోతుందన్న భయం ఇక్కడ అక్కర్లేదు. భయపడాల్సింది పుల్లటి తేన్పులకు. పడుకున్నప్పుడు కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నితే అది తగిలేది స్వరపేటిక వెనక భాగానికే, గొట్టం ఒరుసుకున్నదీ అక్కడే. మానుతున్న పుండు మీద ఆమ్లం పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి తిన్న వెంటనే ఒరగకు, రెండు మూడు గంటలు ఆగు. తల వైపు మంచాన్ని కొంచెం ఎత్తు చేయించుకో.

నొప్పికి ఆస్పత్రి వాళ్లు రాసిచ్చిన మాత్ర వేసుకో. ఇంట్లో ఉన్న వేరే నొప్పి మాత్రలు దానికి కలపకు, ఆపరేషన్ అయిన కొత్తలో కొన్ని మందులు రక్తస్రావాన్ని పెంచుతాయి. యాంటీబయాటిక్ కావాలని అడగకు. ఇది ఇన్‌ఫెక్షన్ కాదు, ఒరుసుకున్న గాయం. చూడ్డానికి వచ్చేవాళ్లు తలా ఒక కషాయం చెప్తారు. వాళ్ల ప్రేమను కాదనకు, కషాయాన్ని మాత్రం తలూపి వదిలెయ్. మీ ఇంట్లో సిగరెట్ పొగ ఉంటే ఆ పొగను బయటికి పంపించు. ఈ విషయంలో మొహమాటం వద్దు. నీ బదులు నేను చెప్పమన్నా చెప్తాను.

ఇక మాట లేకుండా రోజు గడపడం. గొంతు పోయినప్పుడు నొప్పి కంటే బాధపెట్టేది ఇదే. అందరూ మాట్లాడుకుంటుంటే నువ్వు ఒక మాట అందుకోవాలనుకుంటావు, పలక తీసి రాసేలోపు మాట ఇంకోచోటికి పోతుంది. రెండు రోజులకు మనం అక్కడ లేనట్టే అనిపిస్తుంది. నేను వంటింట్లో కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి. కోపం వస్తే అరవలేను, నవ్వొస్తే నవ్వలేను. పిల్లలను పేరు పెట్టి పిలవలేకపోవడం అన్నిటికంటే కష్టం. నీకూ అలా అనిపిస్తుంటే అది నీ బలహీనత కాదు. మాట మనిషిలో ఎంత భాగమో పోయినప్పుడే తెలుస్తుంది. నాలుగు రోజుల కోసం ఇంత బాధపడతారా అని ఎవరైనా అంటే పట్టించుకోకు.

పిల్లలకు ముందే చెప్పెయ్: అమ్మ గొంతు నిద్రపోతోంది, లేపకూడదు అని. నా పక్కన ఒక చిన్న గంట ఉండేది. ఒకసారి కొడితే రమ్మని, గబగబా కొడితే పరుగెత్తుకు రమ్మని. చిన్నవాడికి అది ఆటలా ఉండేది. ఫోన్‌లో టైప్ చేస్తే చదివి వినిపించే సదుపాయం ఇప్పుడు తెలుగులో కూడా ఉంది, అప్పుడు నాకది లేదు. ఎక్కువగా వాడే మాటలు ముందే రాసి పెట్టుకో: నొప్పిగా ఉంది, నీళ్లు కావాలి, కాసేపు ఒంటరిగా ఉండనివ్వండి. మూడోది తప్పకుండా రాసిపెట్టుకో. రాత్రి నువ్వు ఒక్కదానివే గదిలో ఉండకు. అవసరమైతే కేకేయలేవు కదా.

నీకు గొట్టం వల్ల వచ్చిన వాపే కాబట్టి రోజుల తరబడి మౌనవ్రతం పట్టక్కర్లేదు. తక్కువ మాట్లాడితే చాలు. స్వరతంత్రుల మీదే ఆపరేషన్ అయినవాళ్లకు మాత్రం పూర్తి మౌనం చెప్తారు. అది కూడా ఒకప్పటిలా వారాల తరబడి కాదు, ఇప్పుడు చాలామంది డాక్టర్లు 3 నుంచి 7 రోజుల మౌనం, ఆ తర్వాత మెల్లగా మాట అంటున్నారు. మానుతున్న పొరకు కొద్దిపాటి కదలిక కూడా మేలు చేస్తుంది. చెయ్యి విరిగితే కట్టు కడతారు, కట్టు విప్పాక మెల్లగా కదపమంటారు చూడు, అలాంటిదే.

ఐదారు రోజులకు నొప్పి పోయి మాట కొంచెం పలుకుతున్నప్పుడు ఈ పని చెయ్. పెదాలు మూసి, నీకు సుఖంగా ఉన్న శ్రుతిలో, "మ్" అని మెల్లగా కూనిరాగం తియ్. పెదాల మీద, ముక్కు దగ్గర సన్నని జలదరింపు తెలియాలి, గొంతులో బిగువు తెలియకూడదు. ఇంకోటి, స్ట్రా పెదాల మధ్య పట్టుకుని దాంట్లోంచి "ఊ" అనడం. ఆ సన్నని దారి వల్ల గాలి కొంత వెనక్కి ఒత్తి మడతలను సుతారంగా విడదీసి ఉంచుతుంది, అవి గట్టిగా కొట్టుకోకుండానే కంపిస్తాయి. రోజుకు నాలుగైదు సార్లు, ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు. నొప్పి పుడితే ఆపెయ్. పొట్ట కుట్లు లాగినా ఆపెయ్.

నువ్వూ పంతులమ్మవే కాబట్టి ఈ మాట. సెలవు అయిపోయిందని మొదటి రోజే ఆరు పీరియడ్లు చెప్పకు. నేను అలాగే వెళ్లి, మధ్యాహ్నానికి ఉన్న గొంతు కూడా పోగొట్టుకుని ఇంటికొచ్చాను. హెడ్‌మాస్టరుకు ముందే చెప్పి మొదటి వారం సగం పని అడుగు. పిల్లలతో చదివించు, నువ్వు బోర్డు మీద రాయి. చిన్న మైకు దొరికితే పెట్టుకో. గోలగా ఉన్న గదిలో ఆ గోల మీదుగా అరవకు. చప్పట్లు కొట్టు, వాళ్లు నిశ్శబ్దమయ్యాక మాట్లాడు.

ఇప్పుడు గడువు సంగతి. దీన్ని జాగ్రత్తగా చదువు.

నాకు ఆపరేషన్ చేసినచోట ఇంటికి పంపేటప్పుడు, గొంతు అదే వస్తుందిలే అని ఒక్క మాట అన్నారు. ఎన్నాళ్లకు వస్తుంది, రాకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అదే వస్తుందని తొమ్మిది వారాలు ఎదురుచూశాను. నీళ్లు తాగినప్పుడల్లా పొలమారేది. ఒక వాక్యం పూర్తయ్యేలోపు ఊపిరి అయిపోయేది. దగ్గుదామంటే దగ్గులో బలం ఉండేది కాదు. ఈ మూడూ కలిసి ఉంటే అది ఉత్త వాపు కాదని, ఒక స్వరతంత్రి కదలడం లేదని అనుమానించాలట. ఆ ముక్క ఎవరైనా ముందే చెప్పుంటే రెండు నెలలు భయంతో గడిపేదాన్ని కాదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

కాబట్టి నీ గడువు ఇది. వారం తర్వాత గొంతు రోజురోజుకూ మెరుగుపడుతుంటే ఆగు. వారం పది రోజులు దాటినా ఏమీ మారకపోతే ఆపరేషన్ చేసిన డాక్టరుకు చెప్పి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకో. కారణం ఏదైనా సరే, బొంగురు నాలుగు వారాలు దాటి ఉంటే స్వరపేటికను చూడాల్సిందే. ఆపరేషన్ తర్వాత వచ్చిన బొంగురైతే, అందులోనూ మెడ మీదో ఛాతీలోనో ఆపరేషన్ అయితే, అన్నాళ్లు కూడా ఆగకూడదు. మింగుతుంటే ఒకేచోట పొడిచినట్టుండి గొంతు అసలు పలకకపోతే ఇంకా ముందే వెళ్లు. గొట్టం దించేటప్పుడు స్వరపేటిక వెనకున్న చిన్న మృదులాస్థి, అంటే మెత్తని ఎముక, పక్కకు జరగడం అరుదుగా జరుగుతుంది. త్వరగా చూస్తేనే దాన్ని సరిచేయడం సులువు. ఇంకొకటి, బాగైన గొంతు కొన్ని వారాల తర్వాత మళ్లీ బొంగురుపోతే గొట్టం ఒరుసుకున్న చోట చిన్న కండ పెరిగి ఉండొచ్చు. చాలావరకు ఆమ్లం మందులతో, గొంతు సవరించుకోవడం మానడంతో తగ్గుతుంది. కానీ చూడనిదే ఎలా తెలుస్తుంది?

చూడడానికి భయపడకు. ముక్కులో మొద్దుబారే మందు కొట్టి సన్నని కెమెరా తీగ పంపుతారు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. కళ్లలో నీళ్లు వస్తాయి, నొప్పి పెద్దగా ఉండదు. మనిషి తన స్వరతంత్రులను తాను చూసుకోవడం మొదలుపెట్టింది ఒక సంగీతం మాస్టారు. మాన్యుయెల్ గార్సియా అని స్పెయిన్‌లో పుట్టినాయన, 1854లో చిన్న అద్దాలు, సూర్యుడి వెలుగు వాడి తన గొంతులోకి తానే చూసుకున్నాడు. నా గొంతును తెర మీద చూసినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు. కుడి మడత కదులుతోంది, ఎడమది కదలకుండా పక్కన నిలబడి ఉంది. రెండు నెలల భయానికి అక్కడ ఒక రూపం వచ్చింది. వింతగా ఉంటుంది కానీ, అది చూశాక ధైర్యం వచ్చింది నాకు.

స్వరతంత్రులను కదిలించే నరం సూటిగా గొంతులోకి రాదు. మెదడు నుంచి దిగి ఛాతీ దాకా పోయి, ఎడమ వైపుదైతే గుండె నుంచి వచ్చే పెద్ద ధమని కింద చుట్టి, మళ్లీ పైకి స్వరపేటికకు వస్తుంది. దారిలో థైరాయిడ్‌ను ఆనుకుని పోతుంది. థైరాయిడ్ ఆపరేషన్‌లోనే కాదు, గుండె, ఊపిరితిత్తులు, మెడ ఎముకల ఆపరేషన్లలో కూడా గొంతు పోవడానికి ఆ చుట్టుదారే కారణం. రెండో శతాబ్దంలోనే గాలెన్ అనే గ్రీకు వైద్యుడు అరుస్తున్న పంది మెడలో ఆ నరాలు తెంపి, అరుపు ఆగిపోవడం అందరికీ చూపించాడు. నా నరం తెగలేదు, లాగుడుకు దెబ్బతింది. అలాంటి నరం తిరిగి ఎదిగేది రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున. అందుకే ఆరు నెలల నుంచి ఏడాది దాకా వేచి చూస్తారు.

అలాగని ఊరికే కూర్చోబెట్టరు. నాకు కదలని మడతలోకి ఒక జెల్ ఇంజెక్షన్ ఇచ్చారు, అది ఉబ్బి మధ్యకు జరిగి రెండోదానికి అందింది. ఆ మర్నాడే మాట వచ్చింది. జెల్ రెండు మూడు నెలల్లో కరిగిపోతుంది, ఆలోపు నరానికి సమయం దొరుకుతుంది. స్పీచ్ థెరపీకి వారం వారం వెళ్లాను. గడ్డం కిందికి వంచి చిన్న గుక్కలతో నీళ్లు తాగడం ఆవిడే నేర్పింది, పొలమారడం తగ్గింది. మొదట్లో "ఆ" అని నాలుగు సెకన్లు పట్టలేకపోయేదాన్ని. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు 15 సెకన్లు దాటిస్తారు. ఎనిమిదో నెలలో నేను 16 దాకా పట్టాను. నరం కోలుకోని వాళ్లకు కూడా ఆ మడతను శాశ్వతంగా మధ్యకు జరిపే ఆపరేషన్ ఉంది. ఇదంతా నీకు అవసరం పడుతుందని చెప్పడం లేదు. నీ స్నేహితురాలి అమ్మగారికి వచ్చే నెల థైరాయిడ్ ఆపరేషన్ అన్నావు కదా, ఆవిడకు చదివి వినిపించు. ఆపరేషన్‌కు ముందు ఆవిడ గొంతును ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోమను, తర్వాత ఎంత మారిందో పోల్చి చూపించడానికి అంతకంటే సాక్ష్యం లేదు. మత్తు డాక్టరును కలిసినప్పుడు కదిలే పళ్లున్నా, ఇదివరకు గొట్టం వేయడం కష్టమైనా, పాడే అలవాటున్నా చెప్పమను. సన్నని గొట్టం సరిపోతుందేమో వాళ్లు చూస్తారు.

కొన్నిటికి మాత్రం వారం లేదు, రోజు లేదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఊపిరి పీల్చుతుంటే ఈల వేసినట్టు శబ్దం, ఆయాసం, ఉమ్ము కూడా మింగలేకపోవడం, దగ్గులో రక్తం, తగ్గని జ్వరం, మెడ పట్టేసి ఛాతీలో నొప్పి. థైరాయిడ్ ఆపరేషన్ అయినవాళ్లకైతే మెడ ఉన్నట్టుండి ఉబ్బడం, పెదాల చుట్టూ వేళ్ల చివర్ల తిమ్మిరి కూడా. ఈ మూడు వాక్యాలు మీ ఆయనకు చూపించు. అవసరమైతే ఫోన్ చేయాల్సింది ఆయన, నువ్వు కాదు.

రేపు సాయంత్రం ఆరింటికి నేనే ఫోన్ చేస్తాను. నువ్వు మాట్లాడొద్దు, హలో కూడా అనొద్దు. నేను అడుగుతాను, ఫోన్ మీద గోటితో ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. నీళ్లు తాగుతున్నావా, గొంతు ఎన్నిసార్లు సవరించుకున్నావు, రాత్రి నిద్ర పట్టిందా, ఇవే అడుగుతాను. ఎన్నిసార్లు అన్నదానికి మాత్రం నిజంగా లెక్కపెట్టి తట్టు.

ప్రేమతో,
పెద్దమ్మ